వంతుల ఖల్ఫాన్

మా నాన్నను మా కొండల్లో అందరూ వంతుల ఖల్ఫాన్ అనేవారు. కొండ కడుపులోంచి తోటలకు వచ్చే కాలువను మేం ఫలజ్ అంటాం. ఆ నీళ్లు ఏ తోటకు ఎంతసేపో, నేలలో పాతిన కర్ర నీడ చూసి చెప్పడం ఆయన పని. నీడ ఒక రాయి దాటి ఇంకో రాయిని తాకగానే ఒకరి గండి మూసి మరొకరిది తెరిచేవాడు. తన పెళ్లి విందులో కూడా తింటున్న పళ్లెం వదిలి లేచి వెళ్లాడట. సొంత తమ్ముడికి చారెడు నీళ్లు ఎక్కువ ఇవ్వనందుకు ఆ తమ్ముడు పోయేదాకా మా గడప తొక్కలేదు. అంత మొండిమనిషి కడుపున నేనొక పిరికివాణ్ణి పుట్టాను.

కళ్లు మసకబారాక ఆయన్ని మస్కట్‌కి తెచ్చుకున్నాను. రెండేళ్లకే ఫలజ్ ఎండింది, ఊరు ఖాళీ అయింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నీళ్లు ఎలా వస్తున్నాయిరా?" అని ఎప్పుడడిగినా, "నిండుగా వస్తున్నాయి నాన్నా" అనేవాణ్ణి. అలా తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాను.

ఈలోగా ఆయన చూపు పూర్తిగా పోయింది. ఈ చలికాలం ఆయన పట్టుబట్టాడు.

"శుక్ర, శని నీకు సెలవేగా హిలాల్. ఒక్కసారి మన నీళ్లలో చెయ్యి పెట్టి వస్తాను."

"ఇక నువ్వే చూసుకో" అంది నా భార్య షంసా, నాకు మాత్రమే వినబడేలా.

నిజం తెలిస్తే ఆయన గుండె ఆగిపోతుందని నా భయం. శుక్రవారం నమాజు కాగానే బయల్దేరాం. రాత్రికి నిజ్వాలో మా అక్క ఇంట్లో ఆగి, తెల్లారాక కొండెక్కాం. బండి వెనక మూడు డబ్బాల నీళ్లు పెట్టాను. అవి దేనికో నా కూతురు జూఖాకి ముందే చెప్పాను. దారి పొడవునా మట్టి ఊళ్లు, కప్పులు కూలి, తలుపులు ఊడి ఉన్నాయి. నాన్న మలుపులు లెక్కపెట్టి ఒక్కో ఊరి పేరూ చెబుతుంటే నేను ఊ కొడుతూ పోయాను.

మా ఊళ్లో దిగగానే ఆయన చెవి ఒగ్గాడు.

"ఏంట్రా, ఒక్క మేకా అరవదు?"

"పైకి మేతకి తోలుకెళ్లుంటారు."

"కోళ్లను కూడానా?"

షంసా మొహం తిప్పుకుంది. నేను ఆయన్ని మా గండి దగ్గర కూర్చోబెట్టి, ఆయన చేతిని కాలువలో పెట్టాను. పైన గోడ మలుపులో జూఖా డబ్బా వంచింది. నీళ్లు దుమ్మును తోసుకుంటూ వచ్చి ఆయన వేళ్లను తాకాయి.

నాన్న ఆ నీళ్లను వేళ్ల మధ్య రాసి చూశాడు. "చల్లగా ఉన్నాయి" అన్నాడు.

"చలికాలం కదా నాన్నా."

"చలికాలంలో మన ఫలజ్ గోరువెచ్చగా వస్తుందిరా. మీ అమ్మ నిన్ను అందులోనే కదా కడిగేది."

నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్లు ఆయన్ని మోసం చేశాను, ఆఖరికి ఆ మోసం కూడా సరిగ్గా చేయలేకపోయాను.

"ఎన్నేళ్లయింది?"

"తొమ్మిది."

ఆయన చెయ్యి తడుముకుని నా మోకాలిమీద వేశాడు. "పాపని తిట్టకు. మిగిలిన నీళ్లు ఆ నిమ్మచెట్టుకి పొయ్యమను."

గండి పక్కన నిమ్మచెట్టు ఎండి కట్టెలా నిలబడి ఉంది. జూఖా నా వైపు చూసింది. పొయ్యమ్మా అన్నాను. రెండు డబ్బాలూ దాని మొదట్లో పోసింది.

"కర్ర ఉందా?"

"ఉంది."

"నీడ ఎక్కడుంది?"

"నాలుగో రాయి దాటింది."

"అయితే మన వంతు అయిపోయింది. గండి మూసెయ్."

ఎండిన గండికి రాయి అడ్డంపెట్టి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కాను. చిన్నప్పుడు ఎక్కడ కాస్త కారినా ఆయన చేతిలో దెబ్బలు తినేవాణ్ణి. ఇప్పుడూ నాన్న వంగి, రాతి చుట్టూ వేళ్లతో తడిమి చూశాడు. ఒక మూల వదులుగా ఉంటే తనే బిగించాడు.