కుర్చీలోంచి సైదమ్మ చెప్పిన మాట

నా వల్ల ఒకామెకు అన్యాయం జరిగింది. ఏళ్ల తరబడి ఇది కడుపులోనే పెట్టుకున్నాను. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాష్ట్రం రెండు కాకముందు సంగతి. మాది కోదాడ. సూర్యాపేటలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాణ్ని. మహిళా సర్పంచులకు మేమిచ్చే శిక్షణ ఖర్చు ఒక విదేశీ ప్రభుత్వానిది. తమ విదేశాంగ విధానంలో ప్రజాస్వామ్యానికీ మానవ హక్కులకూ పెద్దపీట అని వాళ్ల కాగితాల్లో ఉండేది. ఒకసారి వాళ్ల రాయబార కార్యాలయం నుంచి ఒక అధికారిణి, మోతె దగ్గరి ఊళ్లో సర్పంచ్ సైదమ్మను చూడటానికి వచ్చింది. ఇంగ్లిష్ వచ్చినవాణ్ని నేనే కాబట్టి, ఇద్దరి మధ్య మాటలు అనువదించే పని నాకు పడింది.

పంచాయతీ ఆఫీసులో సైదమ్మ రోజూ నేలమీదే కూర్చునేది. కుర్చీ ఉపసర్పంచ్‌ది. ఆ పొద్దున ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది నేనే.

మొదటి ప్రశ్నకే ఆమె అంతా చెప్పేసింది. ఈ కుర్చీ ఇవాళ ఒక్కరోజుకేనని, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయనన్నందుకు తమ వాడకు నల్లా కట్టేశారని, మీ సర్కారు మా కలెక్టరుకు ఒక్క మాట చెప్పాలని. నేను ఇంగ్లిష్‌లో ఏం చెప్పానో తెలుసా? శిక్షణతో ధైర్యమొచ్చిందట, ఊరంతా సహకరిస్తోందట. అధికారిణి సంతోషంగా రాసుకుంది.

ఎందుకు చేశాను? ఉపసర్పంచ్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు కాబట్టి, ఆమెను కాపాడటానికే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె మాట్లాడింది తెలుగులో. అతనూ విన్నాడు, ఊరంతా విన్నది. వినాల్సిన ఒక్కామే వినలేదు. నేను కాపాడుకున్నది నా ఉద్యోగాన్ని.

కారు దగ్గరికొచ్చి సైదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నేను జెప్పిందంత చెప్పినవా?"

"చెప్పానమ్మా. అంతా రాసుకుంది."

ఆ ఎండాకాలమంతా వాడకు నీళ్లు రాలేదు. ఎక్కడ కనిపించినా, జవాబొచ్చిందా అని అడిగేది. ఇంకా రాలేదనేవాణ్ని. మళ్లీ ఆమె పోటీ చేయలేదు. చివరిసారి మిర్యాలగూడ బస్టాండులో కలిసింది, రైస్ మిల్లులో పనికి వస్తోందట. నా మొహం చూసి ఆమే ఓదార్చింది.

"పోనీ తియ్ బిడ్డా. పెద్ద దేశమాయె, ఎన్ని పనులుంటయో. నువ్వైతే చెప్పినవ్ గద."

బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను.

చెప్పలేదు సైదమ్మా. నేను చెప్పలేదు.