ఉప్పు చూసే మనిషి

నాన్న పోయిన ఏడాది మా ఇంట్లో పచ్చడి పెట్టలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పెట్టకూడదని మా రెంటచింతల వైపు ఆనవాయితీ. అంతకుముందు అమ్మ పండుమిరపకాయలు నూరితే ఆ ఘాటుకు మాచర్ల రైలు తుమ్ముకుంటూ ఆగేది. మాదైనా, ఎవరిచ్చిన పచ్చడైనా ఉప్పు చూసేది మాత్రం నాన్నే. అమ్మ తన పచ్చడిని తాను ఏనాడూ రుచి చూడలేదు.

ఆ ఏడాది వీధి వీధంతా మాకు జాడీలు మోసుకొచ్చింది. వంటింట్లో నడవాలంటే ట్రాఫిక్ పోలీసు కావలసి వచ్చేది. అమ్మ ఒక్క మూతా తీయలేదు. తిండి అంతంతమాత్రం, మాట అసలే లేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి పిన్ని వేడన్నంలో తన పచ్చడి కలిపి ముద్ద అమ్మ చేతిలో పెట్టింది.

"తిని తిట్టక్కా. ఏటా నా పచ్చడికి వంక పెట్టకుండా ఊరుకున్నావా ఏంది?"

అమ్మ ముద్ద పట్టుకుని, అలవాటుగా నాన్న మంచం వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఉప్పు చూడు."

ఇన్నాళ్లకు విన్న అమ్మ గొంతు అది. మంచం మీద దిండు కూడా లేదు. చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఆ ముద్ద తనే నోట్లో పెట్టుకుని చానాసేపు నమిలింది.

"ఉప్పు సరిపోయిందా అక్కా?" అంది పిన్ని మెల్లగా.

"నాకేం తెలుసే? నేనెప్పుడు చూశాను గనక?"