గడప దాటి వచ్చిన పెళ్ళికూతురు

మా పక్కింటి మైసారో ఒక బీమా కంపెనీలో ఒక విభాగానికి పెద్ద. ముప్పై తొమ్మిదేళ్ళది. జకార్తాలో మా సందులోనే పుట్టి పెరిగినా, పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళడం, పొద్దుపోయి రావడం తప్ప ఆమె ఇంకేమీ ఎరగదు. రక్తపోటు చూసి డాక్టరు గట్టిగా మందలించాక జిమ్‌లో చేరింది. అక్కడ కసరత్తు నేర్పేవాడు ప్రస్తోవో. వోనోగిరి నుంచి వచ్చిన జావా మనిషి, మాట తక్కువ. రోజూ మధ్యాహ్నం "ఏం తిన్నారు?" అని ఫోనుకు ఒక ముక్క పంపేవాడు. అది అతని ఉద్యోగమే. కానీ ఇంట్లో ఇంతమందిలో తనను ఆ మాట అడిగేవాళ్ళు లేరని ఆమెకు కొన్నాళ్ళకు తట్టింది.

"వేపుడన్నం తిని ఆకుకూరని రాయకండి. రేపు మీ మోకాళ్ళే చెప్పేస్తాయి" అన్నాడట ఒకసారి. ఆ రోజే మనసు పడిందని నాతో చెప్పింది. రెండేళ్ళకు పెళ్ళి మాట ఎత్తింది కూడా ఆమే.

ఆమె తండ్రి హాజీ మహ్ఫూద్ మా నాటు మల్లవిద్య సిలాట్ నేర్పే గురువు. మా పేట మగవాళ్ళలో సగం మందిని నేల కరిపించినవాడు.

"ఇనుము ఎత్తి దించడం ఒక విద్యా? నీ చేత గుంజీళ్ళు తీయించి జీతం పుచ్చుకునేవాడికి నిన్నివ్వాలా?"

"తండ్రివి నువ్వు చేతిలో చెయ్యేసి ఇవ్వకపోతే నిఖా లేదని తెలుసు నాన్నా. అందుకే అడుగుతున్నాను."

"వాకిట్లో గెలిచి రమ్మను. ఇస్తాను."

అదే ఒప్పుకోలని అందరం సంతోషించాం. జకార్తా పాతకాపులం, మా బెతావి వాళ్ళ పెళ్ళిళ్ళలో వధువు వాకిట ఒక వీరుడు అడ్డం నిలుస్తాడు, వరుడి తరఫు వీరుడితో ముందు పద్యాలు విసురుకుని, తర్వాత తలపడి అతని చేతిలో ఓడిపోతాడు. ఓడిపోవడానికే నిలబడతాడు. హాజీ మాత్రం తన పెద్ద శిష్యుడు సనూసీని నిలబెట్టి, ఓడవద్దన్నాడు.

పెళ్ళినాడు టపాకాయలు పేలాయి, డప్పులు మోగాయి. ప్రస్తోవో వెంట అతని తల్లి, జిమ్‌లో అతని దగ్గర ఒళ్ళు వంచే ఆఫీసు ఆడవాళ్ళు ఓ డజను మంది, పెళ్ళి ఆనవాయితీగా మొసలి ఆకారంలో కాల్చిన రొట్టెల జంట మోసుకుంటూ వచ్చారు. అతని వీరుడు పద్యానికి పద్యం బాగానే విసిరాడు. ఆ తర్వాత సనూసీ ఒక్క తోపుతో అతన్ని వెల్లకిలా పడేశాడు. డప్పులు ఆగిపోయాయి.

"పడాల్సింది నువ్వు కదయ్యా" అన్నాడు కిందపడ్డవాడు నడుం పట్టుకుని.

"హాజీగారినడుగు" అన్నాడు సనూసీ తల వంచుకుని.

ప్రస్తోవో అడుగు ముందుకేశాడు.

"పెళ్ళికొడుకు చెయ్యెత్తకూడదు. ఇంకెవరున్నారు నీ తరఫున?" అన్నాడు హాజీ.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. ముఖం మీద పూసల తెరతో మైసారో గడప దాటి వచ్చి, వరుడి వైపు నిలబడింది.

"నేనున్నాను."

"ఇదేం చోద్యమే" అని మేనత్త గొణిగింది. అమ్మాయిని ముట్టనని సనూసీ తప్పుకున్నాడు.

"అయితే నువ్వే రా నాన్నా."

హాజీ వచ్చాడు. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచింది. ఆయన భుజం మీద చెయ్యేసి తోశాడు. కదలలేదు. కాలితో కాలిని మీటాడు. పూసలు ఊగాయి, అంతే. మూడోసారి ఉన్న బలమంతా పెట్టాడు. ఆయన పాదాలే వెనక్కి జారాయి.

రొప్పుతూ ఆమె కాళ్ళకేసి చూశాడు.

"చిన్నప్పుడు ఆరేళ్ళు నేర్పినా నా దగ్గర నీకీ నిలకడ రాలేదు. ఎవరు నేర్పారే?"

"అదుగో, ఎండలో నిలబెట్టావుగా, ఆయనే."

హాజీ ప్రస్తోవో దగ్గరికి వెళ్ళాడు.

"నా కుడి మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. దానికేమైనా దారుందా?"

"ఉంది. రేపు ఆరింటికి రండి."

"రేపా? పెళ్ళి మర్నాడయ్యా."

జిమ్ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ప్రస్తోవో చెవులు ఎర్రబడ్డాయి.

"ఎల్లుండి" అన్నాడు.

హాజీ అతని చెయ్యి పట్టుకుని నిఖాకు లోపలికి తీసుకెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే డప్పులవాళ్ళు అందుకున్నారు.