సిద్దమ్మ హుబ్లీ ప్రయాణం

యాడికి ఊరి సిద్దమ్మ చాలా ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసింది. రాయి కోసే మిషన్ పక్కన నిలబడి, ఆ మోతను మించి గొంతెత్తి నవ్వే మనిషి. చివరికి ఆ మోతే ఆమె చెవులను పాడుచేసింది. అందరికీ అయినట్టు వినికిడి తగ్గలేదు. చిన్న చప్పుడైనా ఓర్చుకోలేని చెవులైపోయాయి. స్టీలు గ్లాసు కింద పడితే సూదితో పొడిచినట్టు ఉలిక్కిపడేది. పని మానేసింది, పెళ్లిళ్లకు పోవడం మానేసింది. బస్సు హారన్లు తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి.

హుబ్లీలో ఉన్న కూతురు జయంతికి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే పండగకు రమ్మని ఫోన్ చేసింది.

"నాతో కాదమ్మా, అంత దూరం" అంది సిద్దమ్మ. ఫోన్ పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మొగుడు తిప్పయ్య అది చూసినాక ఊరుకోలేదు. ఆమెను అనంతపురం తీసుకుపోయి చెవుల డాక్టరమ్మకు చూపించాడు. "పొద్దస్తమానం దూది కుక్కుకోవద్దమ్మా, చెవులు ఇంకా సున్నితమైపోతాయి. మోత ఉన్నచోట గట్టిగా కాపాడుకో. నెమ్మదిగా ఉన్నచోట తీసేయ్. దారిలో ఆగుతూ పో" అని ఆవిడ విడమరిచి చెప్పింది.

తిరిగొస్తూ తిప్పయ్య చెవులకు పెట్టుకునే పెద్ద ఎర్ర కప్పులు కొన్నాడు. తల మీదుగా కమ్మీ, రెండు చెవులకూ రెండు డిప్పలు. సిద్దమ్మ అద్దంలో చూసుకుని, "ఏమప్పా, విమానం తోలను పోతాండానా నేను?" అని చాన్నాళ్లకు గట్టిగా నవ్వింది.

మాట్లాడుకున్న కారు ఊళ్లో డ్రైవరు యేసన్నది. ప్రయాణం రోజు తిప్పయ్య దాన్ని తెల్లారే ఒకసారి చుట్టూ తట్టి చూశాడు. డిక్కీలో గలగలలాడే జాకీని, పానాలను పాత గొంగడిలో చుట్టాడు. ఊగే నంబరు ప్లేటు బిగించాడు. అద్దానికి వేలాడే గజ్జెలు విప్పించాడు.

"పాటలు పెట్టగూడదు, అద్దాలు దించగూడదు, సరే మామా. హారన్ కొట్టకుండా బళ్లారి రోడ్డు మీద ఎట్ల పోయేది?" అన్నాడు యేసన్న.

"కొట్టు. కొట్టే ముందు చెయ్యెత్తు. అది కప్పులు పెట్టుకుంటాది."

ఏర్పాటు బాగానే ఉంది. కానీ గుంతకల్లు దాటేలోపు యేసన్న ఎదురొచ్చిన ప్రతి డ్రైవరుకూ చెయ్యెత్తి పలకరించాడు. ఆ ప్రతిసారీ సిద్దమ్మ గబుక్కున కప్పులు తగిలించి కళ్లు గట్టిగా మూసుకుంది. ఎంతకీ హారన్ మోగదు.

"ఒరే యేసన్నా, నీకింతమంది దోస్తులు ఉండారని తెలిసింటే బస్సే ఎక్కేదాన్ని గదరా!"

యేసన్న నవ్వు ఆపుకోలేక కారు పక్కకు తీశాడు. అప్పటినుంచి దోస్తులకు తలే ఊపాడు.

బళ్లారి ఊళ్లో లారీలు రెండు పక్కలా అరిచాయి. సిద్దమ్మ కప్పుల మీద చేతులు కూడా అదిమి, తల సీటుకు ఆనించి కూర్చుంది. నొప్పి రాలేదు. దూరంగా ఎవరో ఎవరినో పిలిచినట్టుంది, అంతే. ఊరు దాటాక పొద్దుతిరుగుడు చేని పక్కన ఆగారు. కప్పులు తీసి చద్దిమూట విప్పింది. గాలికి ఆకులు రాసుకుంటున్న చప్పుడు చెవులకు హాయిగా తగిలింది. "ఇంగొంచేపు ఉందామప్పా" అని తిప్పయ్యను కూర్చోబెట్టింది.

హోసపేట దాటాక కునుకు పట్టింది. చివరి గంటలో మాత్రం ఆమెకు కొత్త దిగులు మొదలైంది.

"పిల్ల ఏడిస్తే?" అంది మెల్లగా. "మనమరాలి ఏడుపుకు నేను దూరం జరిగితే జయంతి ఏమనుకుంటాది?"

తిప్పయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వాళ్లు గడప దాటేసరికే పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. సన్నటి, పదునైన ఏడుపు. సిద్దమ్మ మొహం ముడుచుకుపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. జయంతి పిల్లను లోపలికి తీసుకుపోబోయింది.

"ఉండమ్మా, యాడికి పోతాండావు?" సిద్దమ్మ ఎర్ర కప్పులు చెవులకు తగిలించి, చేతులు చాపింది. పిల్లను భుజాన వేసుకుని వీపు నిమిరింది. ఏడుపు ఆమె చెవులకు అందలేదుగానీ, చిన్న ఒళ్లు ఎగసిపడటం చేతులకు తెలిసింది. ఆ ఎగసిపాటు నెమ్మదించి, మెడ కింద వెచ్చగా ఊపిరి తగిలాక, ఒక డిప్ప కొంచెం ఎత్తి చూసింది. పిల్ల గురక పెడుతోంది.

పేరు పెట్టేటప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమె కోసమని గొంతులు తగ్గించి పాడారు. వాళ్లది కన్నడం, సిద్దమ్మది తెలుగు. ఆమె కూడా ఒక జోలపాట అందుకుంది.

మర్నాడు తిప్పయ్య, యేసన్న ఊరికి తిరిగొచ్చారు. సిద్దమ్మ రాలేదు. వారం తిరక్కుండానే తన వంట తను తినలేక తిప్పయ్య ఫోన్ చేశాడు.

"ఏమే, ఎప్పుడొస్తావు? కారు పంపేదా?"

"చూద్దాంలేప్పా. మెల్లగా మాట్లాడు, పిల్ల లేస్తాది."