తొట్టిలో పాత మట్టి

అందరూ ఆమెను మట్టత్త అంటారు. వాళ్లెవరికీ ఆమె అత్త కాదు. ఆమెకంటే ఏడేళ్లు పెద్దవాడు, శనివారం క్లాసుకు వచ్చే రిటైరైన బస్సు డ్రైవరు కూడా అత్తా అనే పిలుస్తాడు.

ఒకప్పుడు మేజోళ్లు నేసిన ఫ్యాక్టరీ అది. ఇప్పుడు అక్కడ కళాకారులు మూడేసి నెలలు ఉండి పని చేసుకుని వెళ్తారు. శనివారాలు ఊళ్లోవాళ్లు వచ్చి గిన్నెలు, కప్పులు చేయడం నేర్చుకుంటారు. మట్టత్త ఇరవై ఏళ్ల కింద ఊడవడానికి చేరింది. మూడో వారం, పాడైన బొమ్మల మట్టి చెత్తలో పారేయమంటే పారేయలేదు. నానబెట్టింది. జల్లెడ పట్టింది. పిసికింది. ఆ మట్టి మళ్లీ కుమ్మరి సారె ఎక్కింది.

అప్పటినుంచి తొట్టి ఆమెది. నడుమెత్తు సిమెంటు తొట్టి. దాన్ని ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయలేదు. అడుగున జానెడు పాత మట్టి ఉంచి, కొత్తది దానిమీదే వేస్తుంది, పాలకు తోడు వేసినట్టు. పాతది కలిస్తేనే కొత్తది సాగుతుంది.

ఇంట్లో ఆయన ఎలక్ట్రీషియను. "నాకంటే ఆ తొట్టికే వేళకి అన్నీ అందుతాయి" అంటాడు.

"అది నీలా గొణగదు" అంటుంది.

ఆ శనివారం పొద్దున క్లాసువాళ్లు గిన్నెలు పట్టుకుని తిరిగొచ్చారు. వారం కింద బట్టీలోంచి నిక్షేపంగా దిగిన గిన్నెలు. ఇళ్లకు వెళ్లాక ఒక్కొక్కటీ పెచ్చులూడింది. ప్రతి పెచ్చు కిందా ఆవగింజంత తెల్లటి చుక్క.

"నీ మట్టిలో ఏదో ఉందత్తా" అన్నాడు మేనేజరు, అందరి ముందూ. "ఇక సంచుల్లో తయారుగా వచ్చే మట్టి తెప్పిద్దాం. తొట్టి తీసేద్దాం. వయసు మీద పడింది కదా, నీకూ శ్రమ తగ్గుతుంది."

"వయసు నామీద పడిందా, మట్టిలో పడిందా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక గిన్నె తీసుకుని గడపకేసి కొట్టింది. పెంకులోని తెల్ల గింజను గోటితో గీకింది. పొడి రాలింది.

ప్లాస్టరు, అచ్చులు పోసే తెల్ల పొడి. మట్టితో పాటు కాలుతుంది. తర్వాత గాలిలో చెమ్మ తాగి ఉబ్బి పైపొరను తన్నేస్తుంది.

ఆ భవనంలో ప్లాస్టరు వాడేది ఒక్కడే. చివరి గదిలో రెండు నెలలుగా ఉంటున్న శిల్పి. చెవులు చేస్తున్నాడు. మనుషుల చెవులు, మూడు వందలు. గోడ నిండా తగిలించాడు.

"ప్లాస్టరు కలిపిన బేసిను ఎక్కడ కడుగుతున్నావు?"

"కుళాయి కింది బకెట్లోనే అత్తా. మీరు రాసినట్టే."

కుళాయి పైనున్న పలక చూపించాడు. ఆరేళ్ల కింద, మట్టి చేతులు మోరీలో కడుగుతున్నారని ఒళ్లు మండి ఆమే ఎర్ర రంగుతో రాసింది: ఏది కడిగినా ఈ బకెట్లోనే. ఒక్క చుక్క మోరీలో పోసినా ఊరుకోను.

బకెట్ అడుగున పేరుకున్నది రోజూ సాయంత్రం తొట్టిలోకి వెళ్తుంది. రెండు నెలలుగా తన చేతులతోనే పోసింది. ఆ సంగతి తట్టేసరికి ఆమె కోపం రెట్టింపైంది.

"మట్టి చేతుల గురించి రాశాను."

"మట్టి అని లేదు కదా అత్తా."

"మూడొందల చెవులు చేశావు. ప్లాస్టరును మట్టి దగ్గరికి రానీయొద్దని మొదటి రోజే చెప్తే, ఒక్క చెవికీ వినబడలేదా?"

శిల్పి తల దించుకున్నాడు. "జల్లెడ పడదాం. నేనూ సాయం చేస్తాను."

"గింజలైతే జల్లెడలో ఆగుతాయి. మిగతాది పిండిలా కలిసిపోయింది. పార అక్కడుంది. తీసుకో. మాట్లాడకు."

మధ్యాహ్నమంతా ఎత్తారు. ఆమె తట్టలో నింపుతుంది, అతను భవనం వెనక పోసి వస్తాడు. తట్ట అందుకునేటప్పుడు "క్షమించండి" అన్నాడు ఒకసారి. తర్వాతి తట్ట ఇంకా నిండుగా నింపింది.

మేనేజరు వచ్చి చూశాడు. "ఎందుకంత పౌరుషం? మట్టే కదా."

ఆమె పార ఆపలేదు. మేనేజరు బూట్లమీద ఇంత పడింది. కావాలని వేయలేదు. అయ్యో అని కూడా అనలేదు.

నాలుగింటికి అడుగు కనబడింది. ఆమె ఇరవై ఏళ్లుగా చూడని సిమెంటు. గోడలు గీకి, మూడుసార్లు కడిగి, అంచుమీద కూర్చుంది. తోడుకు పిడికెడు మట్టి లేదు. ఇక సంచుల మట్టే. సంచుల మట్టికి ఆమె అక్కర్లేదు.

క్లాసువాళ్లు వెళ్లిపోయారు. డ్రైవరు వెళ్లలేదు. అరమీద నుంచి తన కూజా దించాడు. ఐదు కూలిపోయాక నిటారుగా నిలబడిన మొదటి కూజా. నునుపు చేయాలంటూ నాలుగు నెలలుగా కాల్చకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచాడు. కూజాకూ పెన్షన్ వచ్చేలా ఉందని క్లాసంతా ఏడిపించేది.

"ఈ చెవులాయన రాకముందే మొదలెట్టానత్తా. ఇది పాత మట్టే."

ఆమె కూజాకేసి చూసింది.

"ఇంకోటి నిలబడుతుందని నమ్మకమేంటి మీకు?"

"లేదు" అన్నాడు డ్రైవరు. "బస్సు కూడా ఆరోసారికే వచ్చింది నాకు."

ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. కూజా తీసుకుని మెడ తుంచింది. మిగతాది చేతుల్లోనే చిదిపి తొట్టి అడుగున పరిచింది. చెంబుతో నీళ్లు పోసింది. ఒక మూలకు కూడా చాలలేదు.

"సంచులు రానీ" అంది మేనేజరు గదివైపు తిరిగి, భవనమంతా వినబడేలా. "వచ్చినవి వచ్చినట్టు ఇందులోనే పోస్తాను. తొట్టి తీసేవాడు ముందు నన్ను తీయాలి."

గదిలోంచి బూట్లు దులుపుతున్న చప్పుడు వచ్చింది.

శిల్పి పార కడగడానికి బకెట్ వైపు వెళ్లాడు. పలక చూసి ఆగిపోయాడు.

"ఎక్కడ కడగమంటారు?"

"నీ గదిలో" అంది. "ఎర్ర రంగు తీసుకురా. ముందు ఆ పలక మార్చాలి."

తెచ్చాడు. కుంచె అతని చేతికిచ్చి, "మట్టి మాత్రమే ఈ బకెట్లో" అని ప్రతి అక్షరం చెప్పి రాయించింది. రెండుసార్లు చెరిపించింది.