దాలమ్మ తిరగేసిన చుట్ట

నెల్లిమర్ల జూట్ మిల్లు వెనక పేటలో దాలమ్మది అడ్డపొగ. ముప్పై ఏళ్లుగా చుట్టను నిప్పున్న కొన నోట్లో పెట్టుకునే తాగింది. ఇంకోలా తాగగా చూసినవారు లేరు.

1968 వేసవిలో ఒక మధ్యాహ్నం, కోడలు మిల్లుకు వెళ్లాక, ఒక కొత్త మనిషి ఇంట్లోకి జొరబడి గడియ వేశాడు. సంతలో ఎవరినో పొడిచి పారిపోయి వచ్చినవాడు. ఉయ్యాలలో నిద్రపోతున్న ఏడాది మనవరాలి పక్కన కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"అరిచావంటే పిల్ల దక్కదు. పొద్దు గూకేదాకా ఇక్కడే ఉంటాను." మాటను బట్టి ఈ ప్రాంతపు వాడు కాదు.

దాలమ్మ ఏడిస్తే పిల్ల లేస్తుంది, పిల్ల ఏడిస్తే వాడి చెయ్యి ఆగదు. అందుకని గొంతు పెంచలేదు. "ఆకలేస్తందేటి బాబూ? సోడి అంబలున్నాది," అంది. ప్రతి అడుగూ చెప్పి మరీ వేసింది: "కుండ కాడికెల్తన్నాను. గరిటి తీస్తన్నాను."

వాడు ఆ రాగి అంబలి తాగాడు గాని కత్తి దించలేదు.

"నీకు తల్లి ఉన్నాదా బాబూ?"

"నోరు ముయ్."



తలుపు చప్పుడైంది. పక్కింటి గున్నమ్మ. రోజూ ఈ వేళకు చుట్టకి నిప్పు కోసం వస్తుంది, వచ్చినప్పుడల్లా పది ప్రశ్నలు అడుగుతుంది. "ఒసే దాలీ, పగలే గడియేటే? ఎవుణ్ణి దాసేవేటి?"

వాడు కత్తిని పిల్ల మెడకు ఆనించి, పంపెయ్యమని సైగ చేశాడు. దాలమ్మ చుట్ట వెలిగించి, బెత్తెడు తలుపు తీసి నిలబడింది. నోట్లోని చుట్టకు నిప్పున్న కొన బయటికే ఉంది.

"పిల్లకి ఒళ్లెచ్చగున్నాది. ఇప్పుడే పడుకున్నాది. నిప్పట్టుకెల్లవే."

గున్నమ్మ ఆమె నోటి వంక చూసింది. తన చుట్ట అంటించుకుని, ఒక్క మాటైనా అడక్కుండా వెళ్లిపోయింది.

సంగతి పట్టిందో లేదో. దాలమ్మ మళ్లీ గడియ వేసింది.

ఎంతసేపో తెలియదు. పిల్ల కదిలి మూలిగింది. వాడు కత్తి బిగించాడు.

"ఎత్తుకోనీ బాబూ. ఎత్తుకుంటే ఊరుకుంటాది."

వాడు ఊఁ అన్నాడు. ఆమె పిల్లను తీసుకుని మూలకు వెళ్లి, గోడవైపు తిరిగి, పిల్ల మీదికి వంగి కూర్చుంది. అప్పుడే పెరటి తడిక విరిగింది. గున్నమ్మ పిలుచుకొచ్చిన మిల్లు మనుషులు ఆరుగురు లోపలికి పడ్డారు. వాడు ముందు దాలమ్మ మీదికే ఉరికాడు. భుజం మీద ఒక గాటు పడింది. రెండోది పడకముందే వాణ్ణి పట్టుకున్నారు. పిల్లకు గోరంత గీత కూడా పడలేదు.

"ఎవుడే ఆడు? ఎప్పుడొచ్చేడు? ఏటి తిన్నాడు? నిన్నేటన్నాడు?" గున్నమ్మ ఇందాక అడగని ప్రశ్నలన్నీ ఒక్కసారే అడిగింది.

దాలమ్మ పిల్లను రెండు చేతులా పట్టుకునే ఉంది. గున్నమ్మ తన చుట్టే తీసి, నిప్పున్న కొన లోపలికి తిప్పి, ఆమె నోట్లో పెట్టింది.