నూకాలు కేక

"దవడ తీసేత్తే నానేటి మాటాడతానే అప్పా? నా సేపలెవుడు కొంతాడు?"

"మాట సంగతి తరవాత. ముందు నువ్వుండాల కదేటే."

"ఉంతాను. పుండుని కాలిత్తే అదే మానిపోద్ది."

అంటూనే నా చెల్లెలు నూకాలు మా అనకాపల్లి ఇంటి గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుంది. ఆ వాసనకి నాకు ఒళ్లు మండిపోయింది. అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సులు కొత్తగా తిరుగుతున్న రోజులవి. ఆ పొద్దుటే విశాఖలో డాక్టరు వివరంగా చెప్పాడు: అంగిట్లో పుండు ఎముకదాకా తినేసింది, పై దవడ ఒక పక్క తీసెయ్యాలి, మెడలో గడ్డలూ తియ్యాలి, అంగిట్లో పడే కంతకి పళ్లసెట్టు లాంటి మూత పెడతారు, గాయం మానాక కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలి. మాట వస్తుంది గానీ ముక్కుతో వస్తుంది. మర్నాడు మొదటి బస్సుకే వచ్చి చేరమన్నాడు.

ఆ వాసన మా అమ్మది. ఇప్పుడు చిన్నవాళ్లెవరూ ముట్టరు గానీ, అచ్యుతాపురం అవతల సముద్రం ఒడ్డున మా ఊళ్లో అప్పట్లో ఆడవాళ్లంతా ఈ అడ్డపొగే తాగేవారు. గాలికి బయటి నిప్పు నిలవదు, తట్ట పట్టుకున్న చేతులకి తీరికుండదు, లోపల నిప్పైతే ఒక్క చుట్టే పూటంతా వస్తుంది. తెల్లారుజామున పడవలొచ్చే వేళ వలల నీచు, ఎండు నెత్తళ్ల కంపు, వేసవైతే రాలిన జీడిమామిడి పళ్ల పులుపు, వాటన్నిటి మీదా ఆ పొగ. అమ్మ పెదవులు విప్పకుండానే బేరమాడేది, తిట్టేది, నవ్వేది. మేం తాటాకు చుట్టి నోట్లో పెట్టుకుని అమ్మలాగే తిట్టుకుంటూ ఇసకలో చేపలమ్మే ఆట ఆడేవాళ్లం. గంగమ్మ పండక్కి బెల్లం బూరెలు తిని తిని నూకాలుకి పన్ను పుచ్చితే, అమ్మ తన చుట్టే ఇచ్చి, "నొప్పి కాడ నిప్పానించు" అంది. అదే మొదలు. నేను చదివిన రెండేళ్లూ మాస్టారు నా బట్టల పొగవాసనకి నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టేవాడు. ఆ కోపంతో నేను ముట్టలేదు.

మంచులో ఒడ్డు కనపడకపోతే నాన్న నూకాలు కేక విని పడవ తిప్పేవాడు. ఆ కేకతోనే అది అనకాపల్లి వీధుల్లో చేపలమ్మి పిల్లల్ని పెంచింది. అలాంటిది, పుండు మీద చాన్నాళ్లుగా నిప్పు ఆనిస్తోందట, అమ్మ చెప్పిందని. దాని నోట్లోంచి చుట్ట లాక్కుని పెరట్లో పారేశాను. లేచి వెళ్లి ఏరుకొచ్చింది.

"అమ్మకీ ఇదే పుండు, కోయించుకోలేదు కదే," అన్నాను. "ఆకర్న గంజి ముక్కులోంచి వచ్చింది. మాటే పోయింది. దాని గొంతేటి మిగిలింది?"

నూకాలు నన్ను చూసి, నిప్పు గుమ్మానికి రుద్ది ఆర్పింది.

తెల్లారి లేచేసరికి అది లేదు, తట్టా లేదు. బస్సు వేళైపోతోందని గుమ్మంలో నిలబడి తిట్టుకుంటుంటే, రెండు వీధుల అవతలనుంచి వినపడింది: "సేపలమ్మా, సేపలూ!"

తను తిరిగే వీధులన్నీ తిరిగి, అంతా అమ్మి, ఖాళీ తట్ట మా పెరట్లో బోర్లించి, నోరు పుక్కిలించుకుని నా పక్కన నిలబడింది. మొదటి బస్సు వెళ్లిపోయింది. రెండోదానికి వెళ్లాం.